పిట్ట ముట్టని జిలేబి

మొన్న వారపు అంగడి నాడు కందిపప్పు కోసం తాండూరు పోయిన. ఏడాదికి సరిపడ పప్పు ఒక్కసారే తెచ్చి, ఎండకు ఆరబోసి, డబ్బాలకెత్తి పెట్టుకునుడు నాకు పెండ్లయినప్పటి సంది ఉన్న అలవాటు. ఫోన్ల ఒక్కసారి నొక్కితే పప్పు ఇంటికే వస్తది గదనే అమ్మా అని మా కొడుకు ఎంత మొత్తుకున్నా వినక, వికారాబాద్‌ల పొద్దటి రైలెక్కిన. పప్పు కొన్న, సంచి మూతి కుట్టించిన, స్టేషన్‌కు తిరిగి వస్తుంటే తొవ్వల జిలేబీలు గోలిచ్చే పొయ్యి ఒకటి కనపడ్డది. కాళ్లు వాటంతట అవే ఆగినయి. పావుకిలో కట్టించుకొని, స్టేషన్ బెంచి మీద కూచుని, ఒకటి నోట్ల పెట్టుకున్న. నమిలిన, మింగిన. తియ్యగ ఉన్నదని తెలుస్తనే ఉన్నది గని, ఆ తీపి నా దాక రాలేదు. పక్కింటామె తిని, ఎట్లున్నదో గోడ మీది నుంచి చెప్తుంటే విన్నట్టు ఉండె. రెండోది తిన్న, అంతే. మూడోది తియ్యబుద్ధి కాలే.

మా ఆయన పోయి ఎనిమిది నెలలు దాటింది. అప్పటి సంది నా సంగతి ఇట్లనే ఉన్నది. ఏడువకపోతే గుండె పట్టుకుంటదని చుట్టాలు భయపెట్టిండ్రు, ఒకామె అయితే నా ముందు కూచుని నా బదులు తనే శోకం తీసి చూపించింది పాపం. నేను కావాలని ఆపుకున్నది కాదు, రాలేదు, అంతే. కూరల ఉప్పు ఎయ్యకున్నా కోడలు చెప్పేదాక నాకు తెలుస్తలేదు. చలికాలం ఎప్పుడొచ్చి ఎప్పుడు పోయిందో గుర్తు లేదు. నా ఈడు వాళ్లకు ఇదంతా విప్పి చెప్పే పని లేదు, ఒకరినొకరం చూస్తనే ఎరుకైతది. అయినా ఆ బెంచి మీద కూచున్నంత సేపు, ఒళ్లె ఉన్న ఆ పొట్లం పాత దినాలన్నీ తోడి పోసింది. దుఃఖం లేకుండ గుర్తొచ్చుడు కూడా ఒకటి ఉంటదని అప్పుడే తెలిసింది.

మా తల్లిగారిది యాలాల్. మా నాయిన అంగడి నాడు బండి మీద కందులో జొన్నలో ఏసుకొని తాండూరు పోతే, పొద్దు గూకేటాళ్లకు తిరిగొచ్చేటోడు, వచ్చేటప్పుడు మోదుగాకుల చుట్టిన బెల్లం జిలేబి తెచ్చేటోడు. ఇప్పటి నారింజ రంగు చక్కెర జిలేబి కాదు, నల్లగ, లావుగ, శొంఠి వాసన కొట్టే జిలేబి. బండి ఎడ్ల గజ్జెలు వాగు కాడ వినపడంగనే మేం నలుగురం అక్కచెల్లెండ్లం ఉరికేటోళ్లం. జిలేబి అందరికీ సమానంగనే వచ్చేది గని, అసలు కొట్లాట ఆకు కోసం, ఆ ఆకు మీద మిగిలిన పాకం ఎవరు నాకాలె అని. చిన్నదాన్నని గారాబం చేసి ఎక్కువ సార్లు నాకే ఇచ్చేటోళ్లు. అంత పిచ్చి నాకు ఆ జిలేబి అంటే.

పెద్దగై, టీచరు చదువు చదివి, నౌకరి వస్తే అదృష్టం కొద్ది తాండూరు బడిలనే వచ్చింది. పెండ్లేమో వికారాబాద్‌ల కరెంటు డిపార్ట్‌మెంటుల లైన్‌మన్‌గ చేసే ఆయనతోని అయింది. ఆయనది కొడంగల్ పక్క, కొంచెం మాట్లాడితే కన్నడం కలిసేది, ఎక్కువ మాట్లాడితే ఎట్లుంటదో తెల్వదు, అసలు ఎక్కువ మాట్లాడేటోడే కాదు. కాపురం వికారాబాద్‌ల, నౌకరి తాండూరుల. పొద్దున రైలు, సాయంత్రం రైలు. ధారూర్ స్టేషన్‌ల పాలక్యాన్లు ఎక్కేటోళ్లు, గడ్డిమోపులు దింపేటోళ్లు, ఆ లొల్లిల నోటుబుక్కులు దిద్దుకుంట నా సగం నౌకరి రైలుపెట్టెలనే గడిచింది.

అంగడి నాడు మాత్రం నోటుబుక్కులు బంద్. బడి గంట కొట్టంగనే, అంగడిల జిలేబీలు గోలిచ్చే చాచా పొయ్యి కాడికి ఉరికేదాన్ని. చాచా పేరేందో ఊర్లె ఎవరికీ తెల్వదు, చిన్నపిల్లల నుంచి ముసలోళ్ల దాక అందరికీ చాచానే. ముందు రోజే పిండి నానేసి, మట్టికుండల పులవబెట్టి, మరునాడు గోలిచ్చే ముందు ఆ కుండకు చెవి ఆనించి వినేటోడు. లోపల పిండి సన్నగ బుసబుస మంటే తప్ప పొయ్యి అంటియ్యకపోయేది, ఒకనాడు మబ్బు పట్టి పిండి పులవలేదని గిరాకీ మొత్తాన్ని వాపస్ పంపిన మనిషి. అడుగున తూటున్న ఇత్తడి చెంబు, ఆ తూటుకు అడ్డంగ వేలు. వేలు తీస్తే నూనెల సుట్టలు పడేటివి, పెడితే ఆగేటివి. నేను పోంగనే పళ్లెంల ఉన్నవి తీసియ్యకుండ, టీచరమ్మా ఠైరో, జర ఆగు, గవి సల్లారినయి, నీకు వేడివి తీస్త అనేటోడు. రైలు పోతది చాచా అని నేను గాబరా పడితే, రైలు మల్ల వస్తదమ్మా, గీ వాయి మల్ల రాదు అని నవ్వేటోడు. ఆ మాట విని రెండు మూడు సార్లు నిజంగనే రైలు పోగొట్టుకున్న.

మోదుగు విస్తరిల చుట్టి, పైన కాయితం, ఆపైన దారం. ఆ వేడి పొట్లం ఒళ్లె పెట్టుకొని కూచుంటే, ధారూర్ దాటేవరకు పాకం ఆకు దాటి, కాయితం దాటి, నా చీరకు దిగేది. నా బడి చీరలన్నిటికీ ఒళ్లె ఒక గోధుమరంగు మరక ఉండేది. ఆ వాసనకు పెట్టెల ఉన్న ఆడోళ్లందరు నా దిక్కే చూసేటోళ్లు, ఒక పండు ముసలామె అయితే, ఏం బిడ్డా, పిల్లనెత్తుకున్నట్టు ఎత్తుకున్నవు, ఒకటి తింటె ఏం పోతది అని మొకం మీదనే అడిగింది. నోట్లె నీళ్లూరుతున్నా తినకపోయేదాన్ని. ఇంటాయన ముట్టకముందు ఆడది నోట్ల పెట్టుకుంటె ఎంగిలి అయితదని మా అమ్మ చిన్నప్పటి సంది చెప్పిన మాట. చదువుకున్నదాన్నే, బడిల పిల్లలకు మూఢనమ్మకాల పాఠం చెప్పిన దాన్నే, అయినా ఆ ఒక్క మాట నన్ను విడువలే.

మొట్టమొదటి సారి తెచ్చిన దినం బాగ గుర్తున్నది. పెండ్లయి నెల కూడా కాలేదు. సైకిలు పట్టుకొని స్టేషన్‌ల నా కోసం నిలబడ్డడు. అక్కడనే బెంచి మీద పొట్లం విప్పి ముందర పెట్టిన. ఆయన దాని దిక్కు చూసి, నా దిక్కు చూసి, నువ్వు తినరాదు ముందుగల అన్నడు. మీరు ముట్టందే నేను ముట్ట అన్న. మల్ల ఒకసారి నా దిక్కు చూసిండు. అప్పుడు నా మొకం ఎట్లున్నదో నాకేం తెల్వదు, గంట సేపు ముక్కు కింద ఆ వాసన పెట్టుకొని వచ్చిన దాన్ని, చిన్నపిల్ల లెక్కనే ఉండి ఉంటది. ఆయన ఒకటి తీసుకొని, తుంచకుండ, మొత్తం ఒక్కసారే నోట్ల పెట్టుకొని, కండ్లు మూసుకున్నడు. అబ్బ, ఎంత ఇష్టమో అనుకున్న. ఇంకోటి అంటే చెయ్యి చాపిండు. అది తిని, నల్లా కాడికి పోయి, పుక్కిలిచ్చి, దోసిళ్ల కొద్ది నీళ్లు తాగొచ్చి, స్టేషన్ బయట ఉప్పుపల్లీలు కొని గుప్పెడు బుక్కిండు. అదేందయ్యా అంటే, తీపి తిన్నంక ఉప్పు తింటె తీపి ఇంకా బాగ తెలుస్తది అన్నడు. కరెంటు తీగెల సంగతి తెలిసిన మనిషి గదా, ఇదీ సైన్సే కావచ్చని నమ్మిన. ఆ తర్వాత మిగిలిన పొట్లమంతా నేనే తిన్న.

అప్పటి సంది అంగడి అంగడికి అదే తంతు. ఆయన రెండు, నేను తక్కినయన్నీ. ఆయన మాటలు కూడా అవే: ఇయ్యాల జర ఎక్కువ గోలింది, లేకుంటె ఇయ్యాల మంచిగొచ్చింది. మా ఇద్దరికి కొట్లాట అయిన వారం కూడా పొట్లం ఆగలే. మొకాలు చెరో దిక్కు తిప్పుకొని, మధ్యల పొట్లం పెట్టుకొని, ఆయన ముందు తినేటోడు, వెనుక నేను. లైన్‌మన్ సారుకు తాండూరు జిలేబి అంటే పానం అని వాడకట్టంత తెలిసిపోయింది. మా ఇంటికి చుట్టాలు పండ్లు తెచ్చుడు మాని జిలేబి తేవట్టిండ్రు. బోనాలకు పాయసం వండినా, పెండ్లిల లడ్డు పెట్టినా, ఉగాదికి బక్ష్యాలు చేసినా ఆయన వేలితోని ముట్టేటోడు కాదు, విస్తరిల పక్కకు జరిపేటోడు. అది చూసి నేను మస్తు మురిసిపోయేదాన్ని. నేను తెచ్చిన జిలేబి తప్ప ఆ నాలుకకు ఇంకో తీపి ఆనదని నలుగుర్ల చెప్పుకునేదాన్ని. ఎంత గొప్పనో నాకు.

నేను రిటైరైనంక మోకాళ్లు పట్టి అంగడి అంగడికి రైలెక్కలేకపోతే, ఆయనే పోవట్టిండు. అప్పటికి ఆయన కూడా పింఛనుదారే. అంగడి నాడు పొద్దుగాల గడ్డం గీసుకొని, సంచి పట్టుకొని తాండూరు పోయి, సాయంత్రానికి పొట్లంతోని వచ్చేటోడు. ఈ వయసుల నాలుక ఆగుతలేదు మనిషికి అని నేను ఎగతాళి చేసేదాన్ని. నవ్వేటోడు. పొట్లం విప్పి నా ముందర పెట్టి, తను ముట్టందే నేను ముట్టనని తెలుసు గదా, ఒకటి తీసి నోట్ల పెట్టుకునేటోడు.

ఒకనాడు పొద్దున పేపరు చదువుకుంట కూచున్న మనిషి కుర్చీలనే ఒక పక్కకు ఒరిగిండు. అంతే. చెప్పేది చెప్పలే, అడిగేది అడగలే.

మా దిక్కు మూడోనాడు పిట్టకు పెడుతరు. పోయిన మనిషికి ఏమేమి ఇష్టమో అవన్నీ వండి, విస్తరిల పెట్టి, కాటికాడ ఉంచి దూరం జరిగి నిలబడుతరు. కాకి వచ్చి ముడితే మనిషి తృప్తిగ పోయిండని లెక్క. ముట్టకుంటె ఏదో కోరిక మిగిలి పోయిండని లెక్క. పిట్ట ముట్టేదాక ఇంట్ల ఎవ్వరూ ముద్ద ముట్టరు. నేను ఇవన్నీ నమ్మనని మీకు చెప్పలేను, నమ్ముత అని కూడా చెప్పలేను. ఆనాడు మాత్రం ఆ విస్తరి దిక్కు చూసుకుంట నిలబడ్డ నాకు ఒక్కటే కావాలె, ఆయన తృప్తిగ పోయిండని తెలవాలె.

అన్నం, కోడికూర, ఉడకబెట్టిన గుడాలు, బీడీకట్ట పెట్టిండ్రు. కల్లు వాసన కూడా చూడని మనిషికి ఎవరో కల్లు కూడా పెట్టిండ్రు. నడుమ మా కొడుకు మిఠాయి దుకాణం నుంచి తెచ్చిన జిలేబి, పెద్ద సుట్ట, నేనే నా చేతులతోని పెట్టిన. తుమ్మచెట్టు మీద నాలుగైదు కాకులున్నయి. ఒక్కటి దిగొచ్చింది, విస్తరి సుట్టు తిరిగింది, జిలేబి కాడికొచ్చి మెడ వంచి చూసి, ఎగిరిపోయింది. మల్ల రాలే. అమ్మను మంచిగ చూసుకుంట నాయినా అని మా కొడుకు చేతులు జోడించి చెప్పిండు. కాకి కదలలే. ఎండ నెత్తి మీదికొచ్చింది, ముసలోళ్లు తల్లడిల్లుతున్నరు, తలా ఒక మాట. నాకు తోచింది ఒక్కటే: ఇది దుకాణం జిలేబి, అంగడి జిలేబి కాదు, ఆయనకు ఇది ఆనుతలేదు. ఆ మాటే అన్న. అందరు నిజమే నిజమే అన్నరు. తాండూరు పోయి వస్త అని కొడుకు మోటర్‌సైకిల్ తాళాలు తీసిండు.

అప్పుడు వచ్చింది మా ఆడబిడ్డ, ఆయన చెల్లెలు. మట్టి అయిన నాడు ఉండి, కొడంగల్ పోయి, మూడోనాటికి టిఫిన్ డబ్బా పట్టుకొని బయలెల్లితే బస్సు ఆలస్యమైందట. ఎవరు చెప్పకముందే విస్తరి దిక్కు చూసింది. గీ జిలేబి ఎవరు పెట్టిండ్రు అని అడిగింది. అందరు నా దిక్కు చూసిండ్రు. ఆమె ముందుకు పోయి, వంగి, ఆ జిలేబిని తీసి దూరం పారేసి, టిఫిన్ల నుంచి జొన్నరొట్టె తుంచి పెట్టి, దాని మీద పచ్చిమిరపకాయ తొక్కు ఏసి, ఎనుకకు జరిగింది. ఆమె ఇంకా కొంగు సర్దుకోనే లేదు, కాకి దిగి రొట్టె ముక్క పట్టుకొని లేచింది. ముట్టింది ముట్టింది అని అందరు చేతులు జోడించిండ్రు. అందరి మొకాలల్ల హమ్మయ్య. నేను ఆ పారేసిన జిలేబి దిక్కే చూస్తున్న, దాని మీద అప్పటికే ఈగలు ముసిరినయి.

కాళ్లు కడుక్కునేటప్పుడు ఆమెను పక్కకు పిలిచి అడిగిన. నెత్తి వంచుకొని, జర నసిగి, చెప్పింది. అన్నకు తీపి పడది వదినె. చిన్నప్పుడు ఎవరిదో పెండ్లిల పాకం గిన్నె దొంగతనంగ తాగి మూడు దినాలు కక్కిండు, అప్పటి సంది తీపి వాసనకే కడుపుల తిప్పుతుండె. మరి నాకెందుకు చెప్పలేదే అంటే, నీకు తెలిస్తె నువ్వు తినుడు బంద్ చేస్తవట, మీ వదినె గంత దూరం నుంచి ఒళ్లె పెట్టుకొని తెస్తది పిచ్చిది, నేను ముట్టందే ముట్టదు, రెండు ముక్కలకు నా పానమేం పోదు, నువ్వు నోరు తెరిచినవంటె నా మీద ఒట్టే అన్నడు అని చెప్పింది. ఆమె ఏడుస్తున్నది. నేను ఏడుస్తలేను.

కోపం రావాలె, రాలే. దుఃఖం రావాలె, రాలే. నల్లా బంద్ చేసి, చేతులు తుడుచుకొని, అందరికీ అన్నాలు వడ్డిచ్చిన. బడిల ఏ పిల్లకు ఏ లెక్క రాదో మొకం చూసి చెప్పే దాన్ని, నలభై ఏండ్లు పక్కన ఉన్న మనిషికి ఏది పడదో నాకు తెల్వలే. పుక్కిలించుడు చూసిన, ఉప్పుపల్లీలు చూసిన, కండ్లు మూసుకునుడు చూసిన, అన్నీ చూసి తలకిందులుగ అర్థం చేసుకున్న. అప్పటి సంది నాకు మిగిలింది ఒక్క భయమే, ఆయన సంగతి ఇంకేమేం తెల్వదో అని. ఆ భయం కూడా మెల్లగ మొద్దుబారుతున్నది.

ఇప్పటి పిల్లల తీరు వేరే. మా కోడలు ఏదన్న కొత్తది వండితే మా కొడుకు ఒక్క ముద్ద నోట్ల పెట్టుకొని, యాక్, ఇది నాకొద్దు, నువ్వే తిను అని మొకం మీదనే అంటడు; ఆమె పోరా అని గరిటె చూపిస్తది; ఇద్దరు నవ్వుకుంటరు. మొదట్ల నాకు మనసు చివుక్కుమనేది, ఇదేం మర్యాద, పెట్టిన చెయ్యి చిన్నబోదా అనుకునేదాన్ని. మనకాలం మనుషులం చెప్పకపోవుడే ప్రేమ అనుకున్నం గదా. ఇప్పుడు వాళ్లిద్దరు అట్ల కొట్లాడుకుంటుంటే వంటింటి గడప కాడ నిలబడి వింట. నాకు కుళ్లు పుడతది, ఉన్న మాట చెప్తున్న. ఈ ఎనిమిది నెలలల్ల నాకు ఏదన్న అనిపిచ్చిందంటే అదొక్కటే.

మొన్న అంగడిల ఇంకో సంగతి గుర్తొచ్చింది, అది చెప్పి ఆపుత. చాచా పోయి చానా ఏండ్లాయె, ఆ మూల ఇప్పుడు మోటర్‌సైకిళ్లు నిలబెడుతున్నరు. ఒకప్పుడు అక్కడ, చాచా పొయ్యికి రెండడుగుల ఇవతల, ఒకామె నేల మీద గోనెసంచి పరుచుకొని కూచునేది. గంపల జొన్నరొట్టెలు, పక్కన గిన్నెల పచ్చిమిరపకాయ తొక్కు, అంగడికొచ్చిన రైతులు ఆమె సుట్టు కూచొని తినేటోళ్లు. చాచా కాడికి పోవాలంటే ఆమెను దాటే పోవాలె. రైలు పోతదన్న తొందరల, చీర కుచ్చిళ్లు పైకి పట్టుకొని, ఆ గంప అంచు మీది నుంచి కాలు దాటేసి పోయేదాన్ని. ఇన్నేండ్ల నౌకరిల ఎన్ని అంగళ్లు దాటిన్నో నాకే తెల్వదు. ఆ గంపల నుంచి ఒక్కనాడన్న ఒక్క రొట్టె కొనలే.